తలుపు వెనక సున్నపు చుక్కలు

మా అమ్మాయి కట్టుకుంటున్న ఇంటికి పాత టేకు తలుపు పెట్టాలని ముచ్చటపడితే, మొన్న వానలు మొదలయ్యే ముందు రాజమండ్రిలో పాత కలప అమ్మే ఒక అడితికి వెళ్ళాను. పడగొట్టిన ఇళ్ళ నుంచి తెచ్చిన ద్వారబంధాలు, దూలాలు, కిటికీ రెక్కలు అక్కడ గోడకి చేరగిలబెట్టి ఉన్నాయి. తడిసి ఎండిన చెక్క వాసన, దాని వెనక ఎక్కడో చెదల మందు వాసన. నేను ఏ వస్తువునీ పైపైన చూసి కొనను. ఒక తలుపుని వేలితో కొట్టి చూశాను, గోటితో గీరి చూశాను, అడుగున తడి తిన్నదేమోనని వంగి చూశాను. అడితి యజమాని నవ్వి, "టేకేనండి బాబూ, మరీ అంత అనుమానమైతే ఎలాగండి?" అన్నాడు. "ఏం చేయమంటారండీ, ఇన్నేళ్ళూ నా ఉద్యోగమే అది. వెనక్కి తిప్పించండి, అటువైపు కూడా చూస్తాను" అన్నాను. ఇద్దరు మనుషులు పట్టుకుని తిప్పారు. 

తలుపు వెనక, ఛాతీ ఎత్తున, నల్లరంగుతో అచ్చు వేసిన గళ్ళ పట్టిక ఉంది. రంగు సగం వెలిసిపోయింది. ఒక్కో గడిలో ఒక తేదీ, దాని పక్కన పొడి సంతకం. ఆ సంతకం నాది. కొన్ని గళ్ళ పక్కన, పట్టికకి బయట, వేలికొనతో అద్దిన సున్నపు చుక్కలు ఉన్నాయి. అవి ఆ ఇంటావిడ మంగాయమ్మగారివి. ఆవిడా లేరు, వాళ్ళాయనా లేరు, ఇప్పుడు వాళ్ళ ఇల్లు కూడా లేదన్నమాట. తలుపు ఒక్కటి, ఇన్ని తలుపుల మధ్య, నా ముందుకొచ్చి నిలబడింది.

నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. మలేరియా వర్కరుగా మొదటి ఉద్యోగం. ధవళేశ్వరం దగ్గర గోదావరి నుంచి విడిపోయి, లాకులు దాటుకుంటూ కిందికి పోయే ఒక కాలువ వెంబడి ఊళ్ళు నావి. పదిహేను రోజులకొకసారి ప్రతి ఇంటికీ వెళ్ళాలి. "ఇంట్లో ఎవరికైనా జ్వరం వచ్చిందాండీ?" అని అడగాలి. వచ్చిందంటే ఎడమచేతి ఉంగరపు వేలు స్పిరిటుతో తుడిచి, సూదితో పొడిచి, గాజు స్లైడు మీద రక్తం పూసి, పేరూ నెంబరూ రాసుకుని ఆసుపత్రి ల్యాబుకి చేర్చాలి. రిపోర్టు వచ్చేదాకా ఆగకుండా చేదు బిళ్ళలు నాలుగు చేతిలో పెట్టాలి. ఏ వానాకాలంలో జ్వరం ఏ ఊళ్ళో మొదలైంది, ఎటు పాకింది, ఎవరి వెంట వచ్చింది అన్నది ఆ గాజు ముక్కల మీదే తెలియాలి. వేరే దారి లేదు. వెళ్ళే ముందు తలుపు వెనక గడిలో తేదీ వేసి సంతకం పెట్టాలి. గోడలకి ఏటా సున్నం కొట్టేస్తారు గనక మా ఊళ్ళలో తలుపుల మీదే అచ్చు వేసేవాళ్ళం. నేను నిజంగా తిరిగానా లేదా అని సూపర్‌వైజరు వచ్చి చూసుకోవడానికి పెట్టిన గళ్ళవి. అంటే ఉద్యోగంలో చేరిన రోజే నన్ను అనుమానించి, ఆ అనుమానాన్ని ఇంటింటి తలుపుకీ అచ్చు వేయించారు. అప్పట్లో నాకు దాని మీద కోపంగా ఉండేది. అనుమానించినవాళ్ళదే తప్పు అనుకునే వయసు.

జనం కూడా నన్ను నమ్మలేదు. రక్తం తీసికెళ్ళి అమ్ముకుంటాడన్నారు కొందరు. పిల్లలు పుట్టకుండా చేసే సూది అన్నారు ఇంకొందరు. సూపర్‌వైజరు జ్వరాలు ఉన్నా లేకపోయినా నెలకిన్ని స్లైడ్లు రావాలనేవాడు. తగ్గితే తిరగలేదనేవాడు, ఎక్కువైతే ఎలా వచ్చాయనేవాడు. నేనూ జనాన్ని అనుమానించేవాణ్ణి. జ్వరం లేదన్న ఇంట్లో దాస్తున్నారనుకునేవాణ్ణి, జ్వరమన్నవాళ్ళు బిళ్ళల కోసం చెప్తున్నారనుకునేవాణ్ణి. ఇంతమంది మధ్య ఏ అనుమానమూ లేకుండా నాకు వేలు చాపిన మనిషి ఒక్కరే. లస్కరు సత్యంగారు.

లస్కరంటే కాలువ మీద నీటి మట్టం చూసి, తూముల తలుపులు ఎత్తి దించే ఉద్యోగి. సత్యంగారు ముప్పై ఏళ్ళు ఆ పని చేసి రిటైరయ్యారు. కాలువ గట్టు మీదే వాళ్ళ పెంకుటిల్లు. రిటైరయినా ఆయన అలవాటు మానలేదు. తెల్లవారగానే గొడుగు చంకన పెట్టుకుని లాకుల దాకా నడిచి, రాతి స్తంభం మీద గీసిన కొలత దగ్గర వంగి, నీళ్ళు ఎంతవరకు ఉన్నాయో చూసి వచ్చేవారు. వచ్చి అరుగు మీద కూర్చుని, లోపల పొయ్యి దగ్గరున్న భార్యకి వినబడేలా ఆ రోజు మట్టం చెప్పేవారు. "చెప్పారు, సంతోషం. ఇప్పుడు నేను వెళ్ళి తూము ఎత్తాలా?" అనేవారు మంగాయమ్మగారు. ఇది రోజూ జరిగేది. నేను ఆ ఊరు వెళ్ళిన రోజు మధ్యాహ్నం భోజనం వాళ్ళింట్లోనే. కాలువకి కొత్తనీళ్ళు వదిలిన రోజుల్లో ఆ ఇంటినిండా ఒండ్రు వాసన వేసేది. దాంట్లో వేపాకు పొగ, తడి గోనెసంచుల ముక్కవాసన, చింతచిగురులో ఎండురొయ్యలు మగ్గుతున్న వాసన. మంగాయమ్మగారు వడ్డించేవారు, కూర మారు వేసేవారు, కానీ నా సంచీ మాత్రం ఇంట్లోకి రానిచ్చేవారు కాదు. "అది అరుగు మీదే ఉండాలి బాబూ. ఊళ్ళో వాళ్ళ రక్తమంతా అందులో ఉంటుంది" అనేవారు.

ఆవిడకి ఒక అలవాటు ఉండేది. కోడిపెట్టని పొదగేసినప్పుడు, రోజుకొక సున్నపు చుక్క తలుపు వెనక అద్దేవారు. తాంబూలానికి సున్నం తీసిన వేలితోనే. ఇరవై ఒక్క చుక్కలు నిండితే గంప ఎత్తి చూడాలి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకసారి, ఆ చుక్కల పక్కనే నా పట్టిక గళ్ళలో తేదీ వేస్తుంటే ఆవిడ వచ్చి నిలబడ్డారు. నేను ఆ రోజుదే కాకుండా, వచ్చే రెండు విడతల తేదీలు కూడా ముందే వేసేస్తున్నాను. వానలో ఇంత దూరం మళ్ళీ రావాలా అని నా ఆలోచన.

"ఏంటి బాబూ, రాని రోజు కూడా వచ్చినట్టు రాసేస్తున్నావా?"

"వస్తానండి పిన్నిగారూ. ముందే రాసుకుంటే మర్చిపోకుండా ఉంటుందని."

"మా కోడిపెట్ట కూడా అలా ముందే లెక్క రాయించుకుంటే బాగుండేది. పొదగే బాధ తప్పేది."

సత్యంగారు అరుగు మీద నుంచి పకపకా నవ్వారు. ఆ రోజు నుంచి మంగాయమ్మగారు నా గళ్ళకి కూడా చుక్కలు పెట్టడం మొదలెట్టారు. నేను నిజంగా వచ్చి వెళ్ళాకే ఆ తేదీ పక్కన ఒక చుక్క. రాని తేదీ పక్కన ఏమీ ఉండదు. సూపర్‌వైజరు చూసినా కోడి లెక్క అనుకునేవాడు. నాకు మాత్రం తెలుసు. ఆ ఇంటికి వెళ్ళినప్పుడల్లా తలుపు వెనక చూడటానికి భయంగా ఉండేది. చూడకుండా ఉండలేకపోయేవాణ్ణి.

ఆ ఏడు నాట్లకి ఏజెన్సీ నుంచి కూలీలు వచ్చారు. కొండ ఊళ్ళ వాళ్ళు, పది పన్నెండు మంది, బుచ్చమ్మ అనే ఆవిడ వాళ్ళకి పెద్ద. ఏటా వచ్చేవాళ్ళేనట. సత్యంగారింటికి కూతవేటు దూరంలో, నాట్లు వేయించుకునే కామందుగారి ధాన్యం షెడ్డులో దిగారు. కొండల్లో వానాకాలం మలేరియా ఎక్కువ. అక్కడి నుంచి వచ్చినవాళ్ళని వచ్చిన వారంలోపే చూడాలని మాకు గట్టిగా చెప్పారు. జ్వరం ఉన్నా లేకపోయినా అందరి రక్తం తీయమన్నారు. నేను వెళ్ళేసరికి వాళ్ళు షెడ్డులో ఉండరు, మోకాటి లోతు బురదలో ఉంటారు. గట్టు మీద నిలబడి పిలిస్తే ఆడవాళ్ళు వంచిన నడుము ఎత్తకుండానే మాట్లాడేవారు.

"అదిగో, రక్తాలాయన వచ్చాడు."

"కావాలంటే ఈయన్నే దిగమనండే. బూట్లు విప్పి."

"మా దాంట్లో ఏముంటదండీ బాబూ, గంజి నీళ్ళే. కామందుగారిది తీయండి, చిక్కగా ఉంటది."

అందరూ నవ్వారు. బుచ్చమ్మ ఒక్కతే నడుము ఎత్తి, చేతిలో నారు కట్ట అలాగే పట్టుకుని చెప్పింది. "మాపటేళ షెడ్డు కాడికి రండి బాబూ. పొద్దుగూకక ముందే వస్తాం. అప్పుడు ఎంతమందికి కావాలంటే అంతమందికి తీసుకోండి. పనిలో పిలిస్తే ఎట్టా?"

ఆమె చెప్పింది న్యాయమే. సాయంత్రం దాకా ఆగితే సరిపోయేది. కానీ నవ్వులకి నా మొహం మండిపోతోంది. సాయంత్రం రాజమండ్రిలో స్నేహితులతో సినిమాకి వెళ్ళాలని అనుకున్నాను. ఇంతకంటే పెద్ద కారణం చెప్పుకోవాలని చాలా ఏళ్ళు ప్రయత్నించాను. పేదరికమనీ, పని భారమనీ, వయసనీ. ఏదీ నిలబడలేదు. ఉన్నవి ఆ రెండే, రోషమూ సినిమా. చేనిగట్టు దిగి సత్యంగారి అరుగు మీద కూర్చున్నాను. ఆయన దుప్పటి కప్పుకుని ఉన్నారు.

"ఏంటి బాబూ, స్లైడ్లు దొరకలేదా?"

"లేదండి బాబాయిగారూ. వాళ్ళు రానంటున్నారు."

అదీ అబద్ధమే. ఆయన దుప్పట్లోంచి చెయ్యి బయటికి తీసి చాపారు. "ప్రభుత్వం పని ఆగకూడదు. నాది తీసుకో. రెండ్రోజుల నుంచి సాయంత్రం పూట చలి కూడా పెడుతోంది."

చలి పెడుతోందన్న మాట విన్నాను. విననట్టు ఊరుకున్నాను. ఎందుకంటే ఆయన పేరు మీద, ఏ జ్వరమూ లేని రోజున, పోయిన విడతలోనే ఒక స్లైడు పంపేశాను. వరస విడతల్లో అదే పేరు మళ్ళీ కనబడితే సూపర్‌వైజరు కళ్ళు నా మీద పడతాయి. ఆయన వేలు పొడిచి నాలుగు గాజుల మీద పూశాను. "ఒక్క వేలికి ఇన్ని గాజులేంటి బాబూ?" అని అడిగారు. "పెద్దవాళ్ళకి కాస్త ఎక్కువ చూడాలండి" అన్నాను. నాలుగు గాజుల మీదా కూలీల పేర్లు రాశాను. మొదటి పేరు బుచ్చమ్మది, రెండోది ఆమె కోడలిది. వాళ్ళకి ఇచ్చినట్టు రాసిన బిళ్ళలు నా సంచీలోనే ఉండిపోయాయి. సత్యంగారితో "ముసురు కదండీ, పడిశం చలి అయ్యుంటుంది" అని చెప్పి లేచాను. మంగాయమ్మగారు గుమ్మంలో నిలబడి నాలుగు గాజులూ లెక్కపెట్టడం నేను చూశాను. తలుపు వెనక ఆ రోజు తేదీ పక్కన చుక్క పెట్టారు. వచ్చాను గనక పెట్టారు. ఆవిడ లెక్కలో అన్యాయం ఉండదు.

పది రోజుల తరవాత ల్యాబు నుంచి కబురు వచ్చింది. నాలుగూ పాజిటివ్. ల్యాబులో పనిచేసే ఆయన నన్ను పక్కకి పిలిచి, "నాలుగూ ఒకే అచ్చు పోసినట్టు ఉన్నాయేంటయ్యా?" అని నా మొహంలోకి చూశాడు. ఒకే షెడ్డులో ఉంటారు కదండీ అన్నాను. మర్నాడు సూపర్‌వైజరు పూర్తి కోర్సు బిళ్ళలు పట్టుకుని నాతోపాటు షెడ్డుకి వచ్చాడు. వాన పడుతోంది, నాట్లు ఆపి అందరూ లోపలే ఉన్నారు. కామందుగారు కూడా గొడుగు వేసుకుని వచ్చారు. సత్యంగారు చూరు కింద నిలబడ్డారు. ఆయన మనిషి ఆ పది రోజుల్లో సగమయ్యారు. సూపర్‌వైజరు నాలుగు పేర్లూ, స్లైడు తీసిన తేదీ పైకి చదివాడు.

"మా వేలు ఎవరూ ముట్టుకోలేదండి" అంది బుచ్చమ్మ. "సాయంత్రం రమ్మన్నాం. ఆయన రాలేదు. ఈయన్నే అడగండి."

సూపర్‌వైజరు నా వైపు తిరిగాడు. అందరూ తిరిగారు. 

"తీశానండి" అన్నాను. "పనిలో ఉండి మర్చిపోయుంటారు."

బుచ్చమ్మ నా దగ్గరికి వచ్చి రెండు చేతులూ చాపింది. బురదలో నాని పాలిపోయిన వేళ్ళు. "సూది పొడిస్తే మరుపొస్తదా బాబూ? ఏ వేలో చూపించండి."

కామందుగారు చెడ్డమనిషి కాదు. భయపడ్డారు. ఇంట్లో చంటిపిల్లలున్నారనీ, ఊళ్ళో వాళ్ళకి తను జవాబు చెప్పుకోలేననీ అన్నారు. ఇక్కడే ఉంచి మందు వేయించాలండీ, పంపేయకూడదు అని సూపర్‌వైజరు ఎంత చెప్పినా వినలేదు. అప్పటికి సగం చేలే నాటారు. బుచ్చమ్మ ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని ఒకే మాట అడిగింది. "వెళ్ళమంటే వెళ్తామండి. జ్వరం మనుషులని పేరు పడితే రేపు మమ్మల్ని ఏ ఊళ్ళో నాట్లకి పిలుస్తారు? ఇరవై ఏళ్ళ నుంచి వస్తన్నాం." మధ్యాహ్నానికి ట్రాక్టరు తొట్టిలో ఎక్కించేశారు. మందు తీసుకోండని సూపర్‌వైజరు అడిగితే, మాకు లేని జబ్బుకి మాకెందుకని బుచ్చమ్మ చెయ్యి చాపలేదు. ట్రాక్టరు కదులుతున్నప్పుడు ఆమె కోడలిని చూశాను. గోనెసంచి కప్పుకుని, తొట్టి అంచుకి ఆనుకుని వణుకుతోంది. వానకి తడిసి వణుకుతోందో, నిజంగానే జ్వరమో. సంచీ నా భుజానే ఉంది, సూది ఉంది, గాజులు ఉన్నాయి. ఒక్క నిమిషం పని. కానీ తీశానన్న వేలు మళ్ళీ పొడిస్తే, మొదటిసారి పొడవలేదని అందరికీ తెలిసిపోతుంది. కదలకుండా నిలబడ్డాను.

ఆ జ్వరం కూలీలతో వచ్చిందా? నాట్లకి ముందు సత్యంగారు ఏజెన్సీలో ఉన్న మంగాయమ్మగారి చెల్లెలి ఊరు వెళ్ళి నాలుగు రోజులుండి వచ్చారు. అక్కడ పట్టుకుందా? కోడలికి నిజంగా ఉందా? ఉంటే, ఆమెకి కొండ మీద ఎవరు సూది పొడిచి చూశారు? ఈ ప్రశ్నలకి జవాబు దొరికే దారి ఆ నాలుగు గాజుల మీద ఉండాలి. ఆ దారిని నా చేత్తో నేనే తుడిచేశాను. జ్వరం వెంట నడిచి అది ఎక్కడిదో చెప్పడమే నా పని. నేను చేసింది నాకు ఎదురుచెప్పలేని మనుషుల మీద దాన్ని రాసేయడం.

మర్నాడు ఒక్కణ్ణే సత్యంగారింటికి వెళ్ళాను. సంచీలో కూలీలకి ఇచ్చినట్టు రాసిన ఆ బిళ్ళలున్నాయి. "బలానికండి బాబాయిగారూ, నీరసంగా ఉన్నారు" అని ఇవ్వబోయాను. మంగాయమ్మగారు మధ్యలోకి వచ్చారు.

"ఎవరి పేరున వచ్చాయి బాబూ ఈ బిళ్ళలు?"

నేను బిళ్ళల పొట్లం విప్పుతూ ఉండిపోయాను.

"నేనడుగుతున్నాను. ఎవరి పేరున?"

సత్యంగారు మంచం మీద లేచి కూర్చున్నారు. "ఇవ్వనీవే. రక్తం నాదైనప్పుడు బిళ్ళలు కూడా నావే" అన్నారు. రెండు వేసుకుని, నీళ్ళు తాగి, నన్ను కూర్చోమన్నారు. ఆయన గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. "నేను ముప్పై ఏళ్ళు నీళ్ళు చూసి రాశాను. ఒక్క రోజు చూడకుండా రాస్తే ఏమవుతుందో తెలుసా? కింద ఎక్కడో ఎవరిదో చేను మునుగుతుంది. రాసినవాడి కాలు కూడా తడవదు." దుప్పటి సర్దుకుని అన్నారు. "వచ్చే విడతకి వస్తావు కదా. ఈలోగా డాక్టరుగారి దగ్గరికి వెళ్ళి జరిగింది చెప్పు. చెప్పి ఇక్కడికి రా. మనిద్దరం కలిసి కామందుగారి దగ్గరికి వెళ్దాం. ఆయన మనిషిని పంపి వాళ్ళని వెనక్కి పిలిపిస్తారు. ఇంకా సగం చేలున్నాయి. నేనే చెప్పొచ్చు. కానీ నువ్వు రాసింది నువ్వే దిద్దాలి."

"చెప్తానండి" అన్నాను. ఆ క్షణంలో నిజంగానే అనుకున్నాను.

"ఈయన రావడమూ, చెప్పడమూ!" అన్నారు మంగాయమ్మగారు.

"వస్తాడే. కావాలంటే చుక్క ఇప్పుడే పెట్టేసుకో."

"నా చుక్కలు ఈయన సంతకాల్లాంటివి కావు. వచ్చాకే పెడతాను."

వెళ్తూ వెళ్తూ తలుపు వెనక ఖాళీ గడిలో వచ్చే విడత తేదీ వేసి సంతకం పెట్టాను. ఇదే నా మాట అనుకోండి అన్నట్టు, వాళ్ళిద్దరూ చూస్తుండగా. ఎప్పుడూ దొంగతనంగా చేసే పనిని ఆ ఒక్కరోజు ప్రమాణంలా చేశాను.

డాక్టరుగారి గది గుమ్మం దాకా రెండుసార్లు వెళ్ళాను. ఒకసారి లోపల జనం ఉన్నారు. ఇంకోసారి ఎవరూ లేరు. ఎవరూ లేనప్పుడే ఎక్కువ భయమేసింది. ఆ విడత తేదీ రోజున ఒంట్లో బాగోలేదని సెలవు పెట్టి ఇంట్లో పడుకున్నాను. ఆ నీళ్ళు నాకు పడటం లేదని కాగితం రాసి, నెల తిరిగేలోగా పిఠాపురం వైపు మార్పించుకున్నాను. సత్యంగారు ఉత్తరం రాస్తారని, ఫిర్యాదు వస్తుందని రెండేళ్ళు ఎదురుచూశాను. ఏమీ రాలేదు. ఆయన కోలుకున్నారని మాత్రం ఎవరో చెప్పగా విన్నాను. బుచ్చమ్మ వాళ్ళు తరవాతి ఏడు ఆ ఊరు రాలేదని కూడా విన్నాను. ఇంకే ఊరైనా వెళ్ళారేమో అడిగి తెలుసుకోలేదు. తెలుసుకుంటే ఏదో ఒకటి చేయాల్సి వస్తుంది.

తరవాత నేనే సూపర్‌వైజరునయ్యాను. మంచి సూపర్‌వైజరునని పేరు కూడా వచ్చింది. అబద్ధం ఎక్కడ దాక్కుంటుందో నాకు తెలిసినట్టు ఎవరికి తెలుస్తుంది? ఒకసారి ఒకేలా ఉన్న స్లైడ్లు పంపిన కొత్త వర్కరుని పట్టుకున్నాను. పెళ్ళికాని పిల్ల, మూడు ఊళ్ళు సైకిలు మీద తిరిగేది. అందరి ముందూ నిలబెట్టి, జ్వరంతో ఆటలాడకూడదని అరగంట చెప్పాను. ఆ పిల్ల ఏడ్చింది. నా గొంతు ఒక్కసారైనా వణకలేదు. ఇప్పుడు తలుచుకుంటే, షెడ్డులో చెప్పిన అబద్ధంతో సమానంగా ఈ అరగంటకీ సిగ్గుపడతాను.

ఇప్పుడు గాజులు ల్యాబుకి వెళ్ళి వచ్చేదాకా ఆగక్కర్లేదు. వేలు పొడిచిన చోటే, చిన్న పట్టీ మీద పావుగంటలో తెలిసిపోతుంది. వర్కర్లు ఇంటి ముందు నిలబడి ఫోనులో ఫొటో తీసి పంపుతున్నారు, ఏ ఊళ్ళో ఏ గంటకి ఉన్నారో దానంతటదే నమోదవుతుంది. తలుపుల మీద గళ్ళు పోయాయి. డెల్టాలో ఆ జ్వరమే బాగా తగ్గిపోయింది. అప్పటికంటే ఇప్పుడు మేలు, అందులో నాకు సందేహం లేదు. అయినా ఫోనుకి తెలిసేది మనిషి వచ్చాడనే. నాలుగు గాజుల రోజున ఆ ఊరికి నేనూ వచ్చాను. వచ్చినందుకు చుక్క కూడా పడింది.

అడితిలో ఆ తలుపు ముందు కింద కూర్చుని లెక్కపెట్టాను. సంతకాలు గళ్ళ నిండా ఉన్నాయి, చుక్కలు వాటిలో సగం కూడా లేవు. నాలుగు గాజుల రోజుకి చుక్క ఉంది. బిళ్ళలు పట్టుకెళ్ళిన రోజుది పట్టికకి బయట, విడిగా ఉంది. విడత కాకపోయినా వచ్చాను గనక. ఇక చివరి గడి. నేను ప్రమాణంలా వేసిన తేదీ. దాని పక్కన ఖాళీగా ఉంటుందనుకున్నాను. జేబులోంచి కళ్ళద్దాలు తీసి పెట్టుకుని దగ్గరికి వంగాను. అక్కడ ఖాళీ లేదు. సున్నం ఉంది, కానీ చుక్కలా లేదు. పెట్టిన చుక్కని బొటనవేలితో పక్కకి తుడిచేసినట్టు, పలచగా, చెక్క చారల్లోకి పాకి ఉంది. గాజు మీద రక్తం పూసినట్టే ఉంది.

నేను అన్నీ అనుమానించే మనిషిని, దీన్నీ అనుమానించాను. చెయ్యి జారి ఉండొచ్చు, తరవాత ఎవరైనా తుడిచి ఉండొచ్చు. కానీ మిగతా చుక్కల్లో ఒక్కటి కూడా చెదరలేదు. ఆవిడ చెయ్యి నాకు తెలుసు. నన్ను మొదటి రోజు నుంచీ నమ్మని మనిషి, ఆ ఒక్కరోజు పొద్దున్నే, నేను రాకముందే చుక్క పెట్టేశారు. సాయంత్రం దాకా ఉంచారు.

"బావుందాండీ తలుపు?" అని అడితి యజమాని వచ్చాడు. "టేకని నమ్మకం కుదిరిందా? ఆ వెనక మరకలేవో ఉన్నాయి. చిత్రిక పట్టిస్తే కొత్తదానిలా అయిపోద్దండి."

"వద్దండి" అన్నాను. "అటువైపు ముట్టుకోకండి."